నెలనాళ్ల నవలావ్రతము

మన యిండ్లలో వ్రతములకు కొదువలేదు. కార్తికమున నెలనాళ్లు తెల్లవారుజామున దీపము పెట్టుదుము. ధనుర్మాసమున నెలనాళ్లు ముంగిట ముగ్గులు తీర్చి గొబ్బెమ్మలను నిలుపుదుము. శ్రావణమున మంగళవారములు, శుక్రవారములు నోచుదుము. పట్టిన వ్రతమును నడుమ విడువరాదని పెద్దలు మనకు చిన్ననాడే నేర్పిరి. ఇట్టి యలవాటుగల మనము, ఒక నెలలో ఒక నవల వ్రాసి ముగింపవలయునన్న పాశ్చాత్యుల పందెమును గూర్చి విని యాశ్చర్యపడ నక్కఱలేదు. అదియు నొక మాసవ్రతమే. దాని విధానమెట్టిదో, ఇల్లు గడుపుకొనుచున్న స్త్రీ దానిని ఎట్లు నెఱవేర్చుకొనవచ్చునో, నేను పట్టి చూచిన యనుభవముతో సోదరీమణులకు విన్నవింపదలచితిని.

1999వ సంవత్సరము జూలై నెలలో అమెరికాదేశమున శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమునందు క్రిస్ బేటీ యను యువకుడు తన స్నేహితులను కూడగట్టి, ఒక్క నెలలో తలకొక నవల వ్రాయవలయునని యేర్పాటు చేసెను. ఆ యేడు చేరినవారు 21 మంది. మఱుసటి యేడు పందెమును నవంబరు నెలకు మార్చిరి. చలికి బయట తిరుగలేని దినములలో జనులు ఇంట గూర్చుండి వ్రాయుదురని వారి తలంపు. అప్పుడు 140 మంది చేరిరి. నియమము మిక్కిలి సులభమైనది: నవంబరు 1వ తేదీ మొదలు 30వ తేదీ లోపల 50,000 మాటలు వ్రాయవలయును. దినమునకు లెక్కవేసినచో 1,667 మాటలగును. బాగోగులు నిర్ణయించు న్యాయాధిపతి లేడు. ఎవరి యంతరాత్మయే వారికి సాక్షి. కాలక్రమమున దేశదేశములనుండి లక్షలకొలది జనులు దీనిని పట్టిరి. దీనిని నడపిన సంస్థ 2025 మార్చిలో తన పని ముగించుచున్నట్లు ప్రకటించినది. అయినను వ్రతము సంస్థ సొత్తు కాదు. గుడి మూసినను ఇంట దీపము పెట్టుకొనవచ్చును గదా.

నెలలో నవల యనిన మాట మన భాషకు క్రొత్తది కాదు. శ్రీ విశ్వనాథ సత్యనారాయణగారు ‘వేయిపడగలు’ను 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారి పోటీకై 29 దినములలో చెప్పగా, వారి తమ్ముడు వెంకటేశ్వర్లుగారు వ్రాసిరని ప్రసిద్ధి. అంతటి మహాకవితో మనకు పోలిక యేల యని యనవచ్చును. పోలిక ప్రతిభలో కాదు, పద్ధతిలో. ఆయన తిరిగి చూచుకొనక చెప్పుకొనిపోయిరి. ఈ పందెమునందలి కిటుకును అదియే.

అద్భుతకథ మనది కాదా?

నేను వ్రాయదలచినది అద్భుతనవల. లోకమున లేని వింతలతో కూడిన కథ యన్నమాట. ఇది పరదేశపు వస్తువని కొందఱు తలంతురు. పింగళి సూరన ‘కళాపూర్ణోదయము’ను, మధిర సుబ్బన్న దీక్షితులుగారి ‘కాశీమజిలీ కథలు’ను ఎఱిగినవారు అట్లనజాలరు.

స్త్రీ వ్రాసిన యద్భుతకథ కావలయునన్నచో, 1905లో మద్రాసునుండి వెలువడుచుండిన ‘ఇండియన్ లేడీస్ మేగజీన్’ అను పత్రికలో వంగదేశపు ముస్లిం స్త్రీ రుకియా సఖావత్ హుస్సేన్ ‘సుల్తానా స్వప్నము’ను ప్రకటించినది. భర్త యుద్యోగరీత్యా ఊరికి పోయియుండగా ప్రొద్దుపుచ్చుటకు ఆమె దానిని ఆంగ్లమున వ్రాసినదట. అందలి స్త్రీరాజ్యమున పురుషులే పరదాలో నుందురు. విదుషీమణులు సూర్యుని వేడిమిని పట్టి దానితో వంట చేయుదురు. మేఘములనుండి తిన్నగా నీరు దింపుకొందురు. వంటయింట పొగ లేదు, బొగ్గు లేదు. గమనింపుడు: ఆమె లోకములో మార్చినది ప్రధానముగా ఒక్కటే. పరదా వెనుక నుండవలసినవారు ఎవరన్నదానిని తలక్రిందులు చేసినది. తక్కిన వింతలన్నియు ఆ యొక్క మార్పునుండి పుట్టినవి. అద్భుతకథ వ్రాయువారికి ఇంతకంటె మేలైన పాఠము నాకు దొరకలేదు.

నాకు కథలయందు ఆసక్తి కలిగించినది మా అమ్మమ్మ. ఆమెకు అక్షరము రాదు. వేసవిలో పెరటి నులకమంచముపై మమ్ము చుట్టును పరుండబెట్టుకొని, మా యూరి చెఱువు అడుగున మునిగిపోయిన పట్టణమొకటి కలదని, అందలి జనులు నేటికిని కాపురములు చేయుచున్నారని చెప్పెడిది. ప్రతిరాత్రియు కథ ఒక వీధి ముందుకు సాగెడిది. కడపటి యేండ్లలో ఆమెకు మఱపు వచ్చినది. ఒకనాడు నేనే అడిగితిని: “అమ్మమ్మా, చెఱువు క్రింది యూరిలో తరువాత ఏమైనది?” ఆమె నా ముఖము చూచి, “ఏ చెఱువు, తల్లీ?” అనెను. ఆమె పోయిన పిదప నాకు మిగిలినవి రెండుమూడు వీధులు మాత్రమే. అవియైన కాగితముపైకి ఎక్కనిచో, నాతో అవియు పోవును. ఈ వెఱపే నన్ను 2024 నవంబరున వ్రతమునకు పూనించినది.

చుక్కలు పెట్టుట

ముగ్గు వేయువారిలో రెండు తెగలు కలవు. కొందఱు ముందుగా చుక్కలు పెట్టి, లెక్క సరిచూచుకొని, పిదప గీత కలుపుదురు. కొందఱు పిండి చేతబట్టి మనసు పోయినట్లు తీగలు లాగుదురు. నవల వ్రాయువారును ఇట్లే. ఎవరి చేతివాటము వారిది. కాని నెలనాళ్ల గడువులో, ఇంటిపనుల నడుమ, చుక్కలు లేనిచో గీత దారితప్పునని నా యభిప్రాయము. కావున అక్టోబరు నెల నంతయు నేను చుక్కలు పెట్టుటకే వినియోగించితిని.

మొదట నేలను ఏర్పఱచితిని. ఒక పెద్ద తెల్లకాగితముపై చెఱువు, గట్టు, తూము, గట్టుమీది గుడి, నీటి యడుగున నాలుగు వీధులు, వానినడుమ అంగడి గీచితిని. ఒకచోటినుండి మఱియొకచోటికి నడువ నెంత సేపు పట్టునో వ్రాసికొంటిని. ఇది చిన్నపనియని తోచును గాని, పటము లేనిచో ఐదవ ప్రకరణమున తూర్పున నున్న గుడి పదవ ప్రకరణమున పడమటికి పోవును.

రెండవది నియమము. ఏ వింత యైనను ఇష్టము వచ్చినట్లు జరుగరాదు. అట్లు జరిగినచో చదువరికి భయమును ఉండదు, ఆశయు ఉండదు. కష్టము వచ్చినప్పుడెల్ల మంత్రమే తీర్చునని తెలిసినపిదప కథను ఎవరు వినగోరుదురు? నా నియమమిది: కార్తికమున మన స్త్రీలు అరటిదొప్పలలో వదలిన దీపములు ఆరిపోవుట లేదు. అవి మునిగి క్రింది పట్టణమునకు చేరుచున్నవి. ఒక్కొక్క దీపము అందలి ఒక్కొక్క యింటికి ఏడాదిపాటు వెలుగిచ్చును. పైన ఒక దీపము తగ్గినచో, క్రింద ఒక యిల్లు చీకటియగును.

మూడవది మనిషి. వింతలెన్ని యున్నను చదువరి చేయిపట్టుకొని నడచునది మనుష్యునితోనే. పదేండ్ల పిల్ల నొకదానిని ఎంచుకొంటిని. ఆమెకు ఏమి కావలయును, దానికి అడ్డమేమి యను రెండు ప్రశ్నలకు చెరియొక వాక్యముతో సమాధానము వ్రాసితిని. చనిపోయిన తల్లి ఏటేట వదలుచు వచ్చిన దీపము ఈయేడు ఎవరును వదలలేదు. దానివలన చీకటియైన యింటిని వెదకుచు ఆ పిల్ల నీటిలోనికి దిగును.

నాలుగవది ఘట్టములు. పాత క్యాలెండరు కాగితములను త్రిప్పి, వెనుకవైపున ఒక్కొక్క కాగితమున ఒక్కొక్క ఘట్టమును రెండు పంక్తులలో వ్రాసితిని. పదునైదు ఘట్టములు తేలినవి. రెండేసి దినములకు ఒకటి. నెలకు సరిపోయినది.

ఇక మాటల లెక్క. ఆంగ్లమున మూడు నాలుగు మాటలు కూర్చి చెప్పు సంగతిని తెలుగు విభక్తులను, ప్రత్యయములను చేర్చుకొని ఒక్క మాటతో చెప్పగలదు. కావున 50,000 తెలుగు మాటలు వారి 50,000 కంటె పెద్ద బరువు. నా శక్తి నెఱిగి నేను 30,000 మాటలు హద్దు పెట్టుకొంటిని. దినమునకు వేయి. నా నోటుపుస్తకమున పుటకు ఇంచుమించు 125 మాటలు పట్టును గాన, ఎనిమిది పుటలు నిండినచో ఆనాటి నోము చెల్లినట్లే.

గీత కలుపుట

ఆ యేడు కార్తికమును నవంబరును ఇంచుమించు కలిసి నడచినవి. దీపమునకై ఎట్లును తెల్లవారుజామున లేచుదును. దీపము పెట్టిన పిదప పాలు కాగి, ఇంటివారు లేచులోపల ముప్పావుగంట దొరకినది. మధ్యాహ్నము అందఱి భోజనములైన తరువాత ఒక గంట. రాత్రి పడకలు వేసిన తరువాత అరగంట. ప్రొద్దున నాలుగువందలు, మధ్యాహ్నము నాలుగువందలు, రాత్రి రెండువందలు: వేయి మాటలకు సరి. ఒక్కసారి మూడుగంటలు దొరికిననాడు వ్రాయుదుననుకొనినచో, మన బోంట్లకు ఆ నాడు ఎన్నడును రాదు.

వ్రాయునపుడు నాలుగు కట్టుబాట్లు పెట్టుకొంటిని. వ్రాసినది కొట్టివేయరాదు. తప్పు కనబడినచో అంచున గుర్తు పెట్టి ముందుకు సాగవలయును. పేరు తోచనిచో గీత గీచి వదలవలయును గాని పేరుకొఱకు గంట కూర్చుండరాదు. ఘట్టము పూర్తియైనచోట ఆపక, నడుమ ఆపవలయును. సగము కలిపిన పిండియుంటే మఱునాటి పని సులభము గదా.

తొమ్మిది దినములు చక్కగా జరిగినవి. 9,000 మాటలైనవి. నాకు గర్వము కలిగినమాట దాచను. పదవనాడు మా అత్తగారు దొడ్డిలో కాలు జాఱి పడిరి. మడమ బెణికినది. ఆ రాత్రియే జ్వరము తగిలినది. పదియవ తేదీ మొదలు పదునైదవ తేదీ వఱకు ఆరు దినములు నేను కలము ముట్టలేదు. కాపడములు, మందులు, గంజి, పలుకరింపునకు వచ్చువారికి కాఫీలు, వీనితోనే తెల్లవారుటయు ప్రొద్దుగూకుటయు. మధ్య మధ్య ఆ పుస్తకమువంక చూచి, ఆడుదానికి ఈ వెఱ్ఱి యేల యని నన్ను నేనే నిందించుకొంటిని. ఆమె మంచముపై నుండగా పుస్తకము గుర్తునకు వచ్చుటయే పాపమనిపించెడిది. సోదరీమణులారా, ఈ వ్రతమున మనకు శత్రువు బద్ధకము కాదు. ఈ పాపభీతియే.

పదునైదవ తేదీ కార్తికపున్నమి. జ్వరము తగ్గినది గాని అత్తగారు గుడికి పోజాలక చిన్నబోయి కూర్చుండిరి. నేను కిటికీలో దీపము పెట్టితిని. ఆమె నన్ను పిలిచి, “అమ్మాయీ, ఆ పుస్తకమున ఏమో వ్రాయుచుంటివి. నాకు చదివి వినిపింపరాదా?” అనిరి. సిగ్గుతోనే చదివితిని. రెండుగంటలు విన్నారు. మునిగిన యూరిని గూర్చి యేమందురో యని నాకు గుండె దడదడలాడెను. ఆమె కొంతసేపు దీపమువంక చూచి యిట్లనిరి: “క్రిందివారికి వెలుగు వచ్చుట బాగుగనే యున్నది. పైవారికి తఱుగునది ఏమి? ఊరక వెలుగు ఏ యింటనైన వచ్చునా? నూనె ఎవరో ఒకరు పోయవలయును గదా.”

అక్టోబరంతయు చుక్కలు పెట్టిన నాకు తోచని లోపము ఆమెకు ఒక్క వినికిడితో దొరకినది. నా యద్భుతమునకు నియమమున్నది గాని వెలలేదు. ఆ రాత్రి నిదుర పట్టలేదు. వెల యేమైయుండవలయును? తెల్లవారుజామున తోచినది: దీపము వదలిన ప్రతిస్త్రీయు తన జ్ఞాపకములలో ఒకదానిని దానితో వదలును. అదియే నూనె. ఏటేట వదలి వదలి కడకు ముసలితనమున ఆమెకు ఏమియు మిగులదు. కాని క్రింద ఒక వీధి యంతయు వెలుగుచుండును. “ఏ చెఱువు, తల్లీ?” అన్న మా అమ్మమ్మ ముఖము కనులకు కట్టినది. నేను ఎవరికొఱకు వ్రాయుచున్నానో ఆనాటికి గాని నాకే తెలియలేదు.

అయినను వెనుకకు పోయి తొమ్మిదివేల మాటలను దిద్దలేదు. మొదటిపుట అంచున “వెల: జ్ఞాపకము” అని వ్రాసి, అది ఆదినుండియు ఉన్నట్లే భావించి ముందుకు సాగితిని. పదునాఱవ తేదీ ప్రొద్దున లెక్కచూచితిని. మిగిలినవి 21,000 మాటలు, పదునైదు దినములు. దినమునకు 1,400 కావలయును. అది నాకు అలవిగాలేదు. సగటున 1,160 సాగినవి. అందులకైనను కారణము ఇంటివారి సాయమే. రాత్రివంట మావారు తమ మీద వేసికొనిరి. అత్తగారు మంచముమీదనే కూరలు తరిగి యిచ్చుచు, “ఆ పిల్ల ఎంతదూరము పోయినది?” అని రోజును అడుగుచుండిరి. వినువారు ఒక్కరున్నచో కథ ఆగదు.

నవంబరు 30వ తేదీ రాత్రికి 26,400 మాటలైనవి. హద్దు చేరలేదు. మనసు చిన్నబోయినది. అత్తగారు నవ్వి, “ఉద్యాపన నాలుగునాళ్లు ఆలస్యమైనంత మాత్రమున నోము చెడిపోవునా?” అనిరి. డిసెంబరు 4వ తేదీ మధ్యాహ్నమున, 31,200 మాటలకు, ఆ పిల్ల తన తల్లి దీపమును కనుగొనినది. నేను కన్నీరు తుడుచుకొని లేచి బియ్యము కడుగబోయితిని.

నెల ముగిసిన పిదప

నెలలో తయారగునది పుస్తకము కాదు, పుస్తకమునకు పచ్చిమట్టి. ఎరిన్ మార్గెన్‌స్టెర్న్ అను అమెరికా రచయిత్రి ఈ నవంబరు పందెమున వ్రాయుచు, కథ కదలక విసుగెత్తి తన పాత్రలను ఒక సర్కసునకు పంపినది. ఆ సర్కసే ఆమె నవలయైనది. కాని దానిని ఆమె అనేకపర్యాయములు తిరుగవ్రాసి 2011లో గాని ‘ది నైట్ సర్కస్’ అను పేర ప్రకటింపలేదు. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ వ్రాసిన టోల్కీన్ దానిని 1937లో ఆరంభించి 1949 నాటికి ముగించెను. అది అచ్చైనది 1954, 55 సంవత్సరములలో. కావున నెలనాళ్లలో వ్రాసినది చక్కగా లేదని యెవరును చింతింప నక్కఱలేదు. చక్కదిద్దుటకు ముందు అది ఉండవలయును గదా. నేను నా ప్రతిని రెండునెలలు బీరువాలో మడతచీరల క్రింద దాచి, పిదప తీసి చదివితిని. సగము నచ్చలేదు. ఆ సగమును ఇప్పటికిని దిద్దుచునే యున్నాను.

ఆ డిసెంబరు 2వ తేదీ పోలిపాడ్యమి. తెల్లవారుజామున అత్తగారు నా భుజము పట్టుకొని మెల్లగా రేవునకు వచ్చిరి. ఇద్దఱము అరటిదొప్పలలో దీపములు వదలితిమి. పోలి కథ మీ రెఱుగుదురు. అత్తగారు తక్కిన కోడండ్రను స్నానమునకు తీసికొనిపోయి పోలిని ఇంటికి కాపుంచగా, ఆమె చెట్టుక్రింద రాలిన ప్రత్తితో వత్తి చేసి, కవ్వమున కంటిన వెన్నతో దీపము వెలిగించినది. దానికే విమానము వచ్చినది. నా దీపము నీటిపై సాగిపోవుచుండగా నా కా కథయే గుర్తునకు వచ్చినది. మనకు నిండుకుండ నేయి ఎవరును ఇయ్యరు. పాలు కాగు నడుమను, పడక వేసిన పిదపను దొరకు సమయమే కవ్వమున కంటిన వెన్న. దానితోనే వెలిగించుకొనవలయును.

అయితే పోలి తన దీపమును ఇతరులకు కనబడకుండ మూత పెట్టి దాచవలసివచ్చినది. నేను దాచలేదు. మంచము ప్రక్కనే కూర్చుండి చదివితిని. నా నవలకు లేని వెలను తెచ్చియిచ్చినవారు మా అత్తగారే. మీ యింటనున్న పెద్దవారు మఱచిపోకముందే వారి కథలను అడుగుడు. రాబోవు నెలలో ఏదో యొక తేదీని ఎంచుకొని, ఒక నోటుపుస్తకము తెచ్చుకొని, మొదటి చుక్క పెట్టుడు.